గురువారం ఆపరేషన్, శనివారం ఇల్లు: పటాన్‌చెరు నుంచి చందానగర్ దాకా ఒక రోజు

నా అల్లుడు ప్రభాకర్ మొన్న వేసవిలో షిఫ్టు ముగించుకొని ఇంటికి వస్తూ ఇస్నాపూర్ దగ్గర మోటారు సైకిల్ మీదే నిద్రపోయాడు. బండి డివైడర్‌కు రాసుకొని ఆగింది కాబట్టి మోచేతి చర్మంతో పోయింది. అతని వయసు నలభై ఒకటి, బరువు నూట ముప్పై ఎనిమిది కిలోలు. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ సూపర్‌వైజర్. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఆ దెబ్బతో పొట్ట సంచిని కుదించే ఆపరేషన్ చేయించుకుంటానని తనే అన్నాడు. కంపెనీ బీమా దానికి వర్తించదు. వాళ్లు దాచుకున్నది రెండు లక్షల ఇరవై వేలు. మా అమ్మాయి రూతు పనిచేసే బడిలో పరీక్షలు, సెలవు దొరకలేదు. అందుకని డాక్టర్లను చూసి రావడానికి అతనితో నేను బయలుదేరాను. ఇలాంటి పని మీద తిరగబోయే కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ రోజు సంగతులు రాస్తున్నాను.

ఉదయం ఏడు నలభైకి సంగారెడ్డి కొత్త బస్టాండులో పటాన్‌చెరు వైపు వెళ్లే బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, కార్డు మరచిపోకండి. చిట్కుల్‌లో ఉండే ప్రభాకర్ ఇస్నాపూర్ చౌరస్తాలో అదే బస్సు ఎక్కాడు, అతనికి ఇరవై రూపాయలు. కూర్చునే చోటు లేక నిలబడ్డాడు. పది నిమిషాల్లో పైకమ్మీ పట్టుకొని నిలబడే నిద్రపోయాడు. కండక్టర్ చూసి, "అమ్మా, మీ కొడుకా? మా మీద పడేటట్టున్నడు, జెర లేపుండ్రి" అన్నాడు. అల్లుడని చెప్పాను. "అల్లుడైతే మల్ల గట్టిగ లేపరాదు" అని నవ్వాడు. నేను గట్టిగానే లేపాను. ప్రభాకర్ ఆరో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు. మామూలుగా అత్తమ్మ అంటాడు, భయం వేస్తే టీచర్ అంటాడు.

పటాన్‌చెరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం, అరవై రూపాయలు. ఎక్కడికో చెప్పగానే డ్రైవర్ అద్దంలో ప్రభాకర్‌ను చూశాడు. "బరువు తగ్గించే దవఖాననా? శానా మందిని తోల్కపోయిన అన్నా."

"తిరిగొచ్చేటప్పుడు ఎట్లున్నరు?" అని అడిగాను.

"వచ్చేటప్పుడు ఆటో ఎక్కరమ్మా. కార్ల పోతరు. మంచిగయ్యి పోతున్నరో, కాక పోతున్నరో నాకేం ఎరుక?"

 

క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. శుభ్రంగా ఉంది, ఆ మాట చెప్పాలి. కౌన్సెలర్ అమ్మాయి మర్యాదగా ఒక కాగితం మా ముందు పెట్టింది. లక్షా ఎనభై అయిదు వేలు. గురువారం ఆపరేషన్, శనివారం ఇల్లు. ఆ ధర ఆ రోజు సాయంత్రం అయిదు గంటల వరకే. పదివేలు అడ్వాన్సు అప్పటికే జమ అయినట్టు కాగితం మీదే ఉంది.

"ఇది ఎప్పుడు కట్టినవ్?" అని అడిగాను.

"మొన్న, టీచర్" అన్నాడు తల దించుకొని.

నిజం చెబితే ఉదయం నా మనసు కూడా ఇటువైపే ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌గా బడికి బల్లలు కొన్నా, సున్నం కొన్నా మూడు కొటేషన్లు తెప్పించి, పట్టిక వేసి తక్కువదానికి సంతకం పెట్టిన చేయి నాది. సర్జన్ నగరం నుంచి పదకొండున్నరకు వచ్చాడు. రిపోర్టులు తిరగేసి, పొట్ట తడిమి, చేసేద్దాం అన్నాడు. గడియారం చూశాను, నాలుగు నిమిషాలు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, అతని పట్టాలు గోడ మీదే ఉన్నాయి. తర్వాత ప్రభాకర్‌ను బయట కూర్చోమని నేను కౌన్సెలర్ దగ్గర ఆగాను.

"ఆపరేషన్ రాత్రి ఇక్కడ ఎవరుంటరమ్మా?"

"డ్యూటీ డాక్టర్ ఉంటరు ఆంటీ. సర్జన్ సార్ ఫోన్‌ల ఉంటరు."

"ఏమన్న తేడా వస్తే?"

"రాదాంటీ. వస్తే అంబులెన్స్‌ల సిటీకి పంపుతం."

"ఆ ఖర్చు?"

"అది ప్యాకేజీల రాదు."

బయటికి వచ్చేసరికి ప్రభాకర్ కుర్చీలో గురక పెడుతున్నాడు. ఉన్నట్టుండి గురక ఆగింది. ఛాతీ కదలడం లేదు. ఒకటి, రెండు అనుకుంటూ మొదలుపెట్టాను. పద్నాలుగు దాకా లెక్కపెట్టాక ఒక్కసారిగా ఊపిరి లాక్కొని ఉలిక్కిపడ్డాడు. చుట్టూ ఆరుగురు ఉన్నారు, ఇద్దరు నర్సులు అటూ ఇటూ నడిచారు. ఎవరూ తల తిప్పలేదు.

కింద టీ బండి దగ్గర, చందానగర్‌లో ఇంకో డాక్టర్‌ను కూడా చూద్దామన్నాను. అతనికి కోపం వచ్చింది. "షట్‌డౌన్ పది రోజులే అత్తమ్మా. బాయిలర్లు బంద్ ఉన్నప్పుడే నాకు సెలవు. అది దాటితే మల్ల ఏడాదే. ఆడ డబల్ రేటు చెప్తరు, నా దగ్గర ఏడున్నయి?" అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ ఫ్యాక్టరీల బెల్టులో చాలామంది పెళ్లిళ్లు, ఆపరేషన్లు అన్నీ షట్‌డౌన్ చూసుకొనే పెట్టుకుంటారు. శరీరం ఆ పది రోజులకు సిద్ధంగా ఉందో లేదో ఎవరూ అడగరు. చూసి రావడానికి పెద్దగా డబ్బులు పోవు కదా అని అతన్ని లేవదీశాను.

పన్నెండు నలభైకి ఎక్కిన సిటీ బస్సు రామచంద్రపురం దగ్గర కదలక మెదలక నిలిచింది. గంటలో పోవలసింది గంటన్నర పట్టింది. మీరు వెళ్లేటప్పుడు ఆ అరగంట అదనంగా వేసుకోండి. చందానగర్ ఆసుపత్రిలో చీటీకి ఎనిమిది వందలు. చెప్పిన ఖర్చు మూడు లక్షల డెబ్బై వేలు, జనరల్ వార్డు అయితే నలభై వేలు తక్కువ. ఆ అంకె వినగానే ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. నేను చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాడు.

ఇక్కడి సర్జన్ యాభై ఏళ్ల ఆవిడ. రిపోర్టుల కంటే ముందు, "పగలు నిద్ర వస్తుందా?" అని అడిగింది. అతను కొంచెమే అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగింది. బండి సంగతి, కుర్చీ సంగతి చెప్పాను, పద్నాలుగు అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఈ వారం నేను చెయ్యను. మొదట నిద్ర పరీక్ష కావాలి. ఊపిరి ఆగుతుంటే కొన్ని వారాలు రాత్రిపూట మెషీన్ పెట్టుకోవాలి. ఇట్లనే మత్తిస్తే, లేచినంక ఆ రాత్రి ప్రమాదం."

"మీ దగ్గర ఎవరికన్నా తేడా వచ్చిందా?" అని నేను అడిగాను.

"వచ్చింది. పోయినేడు ఒకామెకు కుట్ల దగ్గర లీకైంది. అదే రాత్రి మళ్ల థియేటర్‌కు తీస్కపోయినం. నేను ఇక్కడే ఉన్న కాబట్టి అయింది. ఇప్పుడు బాగుంది."

బయటికి రాగానే ప్రభాకర్ గొంతు పెంచాడు. "రెండింతలు పైసలడిగి, చెయ్యమంటే చెయ్యనంటది! గిదేం డాక్టరమ్మ?" నాలుగు ఇరవైకి అతని ఫోన్ మోగింది. క్లినిక్ కౌన్సెలర్. స్పీకర్ పెట్టాడు. మిగతాది అయిదులోపు కడితేనే గురువారం తేదీ ఉంటుందంది. నేను మాట్లాడలేదు. కోసేది అతని కడుపు, నేను నోరు తెరిస్తే అతను టీచర్‌కు జవాబు చెబుతాడు తప్ప తనకు చెప్పుకోడు. అతను మెట్ల పక్కకు జరిగి ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మేడం, గురువారం రాత్రి సర్జన్ సార్ ఆడనే ఉంటడా?"

"ఫోన్‌ల ఉంటరన్నా. పిలిస్తే వస్తరు."

"నేను ట్యాంకు కడగనీకి మనిషిని లోపలికి దింపితే, బయట ఇంకో మనిషి నిలబడి సూస్తుండాలె. ఫోన్‌ల ఉంట అంటే నేను పర్మిట్ మీద సంతకం పెట్ట మేడం. మా కాడ ఊపిరాడక పోయినోళ్లను సూసిన. గురువారం వద్దు."

"అడ్వాన్సు వాపస్ రాదన్నా."

"రాకుంటే రాకపాయె."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పదివేలు పోయినందుకు తిడతాననుకున్నాడేమో, నా ముఖం వైపు చూడలేదు. నేను తిట్టలేదు. లోపలికి వెళ్లి నిద్ర పరీక్షకు నాలుగు వేల ఐదు వందలు కట్టి తేదీ రాయించుకొని వచ్చాను.

పరీక్షలో ఆవిడ అనుమానమే నిజమైంది. ఇప్పుడు మెషీన్ కిరాయికి తెచ్చారు. షట్‌డౌన్ దాటిపోయింది. ఆపరేషన్ వచ్చే నెల, జీతం లేని సెలవు మీద, జనరల్ వార్డులో. అడ్వాన్సు పోగా తక్కువ పడ్డ లక్షా ఇరవై వేలలో సగం నేను ఇస్తున్నాను, సగం సొసైటీ అప్పు. ఎక్కువ ధర చెప్పినవాళ్లంతా మంచి డాక్టర్లని నేను అనను, కొటేషన్ల పట్టికలో అలాంటి గడి లేదు. తక్కువ చెప్పినవాళ్లు మోసగాళ్లనీ అనను. ఆ సర్జన్ చేయి మంచిదే కావచ్చు. కానీ ఒకచోట నా అల్లుడిని గురువారానికి సరిపెట్టారు, ఇంకోచోట వచ్చిన బేరాన్ని వాయిదా వేశారు. భయం ఇంకా పోలేదు. ఆవిడ కూడా ఏమీ కాదని మాట ఇవ్వలేదు.

ఒక్క సలహా. అడ్వాన్సు కట్టకముందే, ఆపరేషన్ జరిగిన రాత్రి ఆ భవనంలో ఏ సర్జన్ ఉంటారో ధర వేసిన కాగితం మీదే పేరుతో రాసి ఇమ్మనండి. రాయడానికి వెనకాడితే సంచి తీసుకొని లేచి రండి.