పోగుల సారుపై నేను రాసిన ఫిర్యాదు

పోగుల సారు పోయాడని జూలూరుపాడు నుంచి వస్తుంటే బస్సు కండక్టరు చెప్పాడు. టికెట్టు చింపుతూ, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా చెప్పాడు.

పశువుల బీమా కంపెనీ ఆయన్ను నమ్మి అన్నీ అప్పజెప్పింది. పశువును చూసి బీమా రాసేదీ, దాని చెవికి నంబరు పోగు వేసేదీ, చస్తే పరిహారం ఇవ్వాలో వద్దో తేల్చేదీ ఆయనే. పోగు పడ్డ ఎద్దు వారం రోజులు తల విదిలిస్తూనే ఉంటుంది, కొత్త కళ్లజోడు పెట్టుకున్న మా పోస్టుమాస్టరులా. అదలా ఉంచండి.

బడి మొహం చూడని నా చేత అక్షరాలు దిద్దించింది ఆయనే. తన అరుగు మీద, చెల్లని బీమా ఫారాల వెనుక వైపున. "సదవకుండ ఏడ సంతకం పెట్టకు రా" అనేవాడు. ఆ మాట అందరి దగ్గరా పాటించాను, ఆయన దగ్గర తప్ప.

దమ్మపేట అవతలి గూడెంలో లచ్చమ్మ బర్రె చచ్చింది. పరిహారానికి రుజువుగా పోగుతో సహా చెవి కోసి, మోదుగాకుల్లో చుట్టుకుని ఆమె అడవి దారిన సారు అరుగు దాకా నడిచి వచ్చింది. రిజిస్టరులో చూస్తే ఆ నంబరుకు ఎర్రావు అని ఉంది. సారు గూడేనికి పోకుండా అరుగు మీదే ఫారాలు నింపి, పోగులు ఎవరిచేతో పంపించిన ఫలితమది. సారు తడబడలేదు. ఏదో రాసి, "సాక్షి సంతకం పెట్టు రా" అన్నాడు. పెట్టాను.

వారానికి ఆమె మళ్లీ వచ్చింది.

"నేను పోగు మార్చిన దొంగనని రాసిన్రంట గదన్నా. ఇంకో బర్రెకు బ్యాంకోళ్లు లోను ఇయ్యరంట. నువ్వు సదివే సంతకం పెట్టినవా?"

సారును నిలదీశాను.

"తప్పు నాదని రాస్తే రేపు కంపెనీ నన్ను నమ్ముతదా?"

"మరి ఆమె మాటేంది సారూ?"

"ఆమెను కంపెనీ ఎరగదు గద రా."

అప్పుడు కంపెనీకి ఉత్తరం రాశాను. చదవకుండా సంతకం పెట్టానని, తప్పు సారుదని, ఆమె దొంగ కాదని. నెల తిరక్కుండా సారు మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో నా ఉత్తరం. విచారణ జరపమని కంపెనీ దాన్ని ఆయనకే పంపింది.

"గింత పెద్ద ఉత్తరంల ఒక్క అక్షరం తప్పు పోలేదు రా" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు నేను పొంగిపోయాను. నాకు ఇప్పటికీ సిగ్గు అదే. విచారణలో నా ఫిర్యాదు అబద్ధమని తేలింది. నేను మళ్లీ రాయలేదు.

ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది ఆయన చలవే. ఆయన మీద రాయగలుగుతున్నదీ ఆయన చలవే.

బస్సు దిగి నేరుగా సారు ఇంటికి వెళ్లాను. లచ్చమ్మ అప్పటికే వచ్చి గోడవారన నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

"సారు నా సంగతేమన్న చెప్పి పోయిండా అన్నా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"అట్లనా" అంది.

పాడె లేచింది. డప్పుల వెనకాల జనమంతా వాగు వైపు కదిలారు. ఆమె ఒక్కతే కొంగు నడుముకు బిగించి, వాళ్లకు ఎదురుగా, రోడ్డు అంచు పట్టుకుని గూడెం వైపు నడిచింది.