మాలిక్‌కు ఇచ్చిన రుమాళ్లు

మాలిక్‌కు పొగ వాసన చూసే జబ్బు ఉండేది. జబ్బు అనడం నా సభ్యత. వీధిలోని వారు దానికి వేరే మాట వాడేవారు. గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో అతనికి స్కూటర్లు బాగుచేసే దుకాణం. ఏ బండి వచ్చినా ముందుగా ఇంజను చూడడు. వెనక్కి పోయి, సైలెన్సరు దగ్గర వంగి, కళ్లు మూసుకొని, వైద్యుడు నాడి పట్టినంత శ్రద్ధగా ఒక పీల్పు పీల్చేవాడు. ఆపైన ఆ బండి గుట్టంతా వీధి వినేటట్లు చెప్పేవాడు.

“అంకయ్యగారూ, పెట్రోల్లో కిరసనాయిలు కలిపారు. పావు వంతు.”

“నీ మొహం. చుక్క కలపలేదు.”

“నీలం కిరసనాయిలండీ. రేషన్ షాపుది. నిన్న మధ్యాహ్నం తెచ్చుకున్నారు.”

అంకయ్య బండి అక్కడే వదిలి టీ కొట్టువైపు నడిచాడు.

ముక్కు తీర్పుకు ఒప్పుకోని వారికి రుజువు కూడా ఉండేది. “రుమాలివ్వండి” అని, ఆ తెల్లగుడ్డను సైలెన్సరుకు అడ్డంగా పట్టి, నల్లబడిన తరువాత విప్పి, “ఇదిగో మీ బండి ఫొటో” అనేవాడు. రుమాలు మాత్రం తిరిగి ఇచ్చేవాడు కాదు. 1999 నాటికి ఆ వీధి మగవారు చెమటకు చొక్కా చేతులనే నమ్ముకొన్నారు. మూలన నీలిదారంతో మా ఆవిడ పువ్వు కుట్టినవి నావే పదకొండు పోయాయి.

అతని బోర్డుమీద ‘స్కూటర్లు రిపేరు చేయబడును’ అని ఉండేది. ఆ కర్మణి ప్రయోగం తెలుగు స్వభావానికి సరిపడదనీ, ‘చేస్తాం’ అని రాయించమనీ బడిలో తెలుగు చెప్పే ఉద్యోగంలో ఉండగా చెప్పాను; విరమించిన తరువాత, తీరిక పెరిగినందువల్ల, రోజూ చెప్పాను.

“బోర్డు సంగతి తర్వాత మాస్టారూ. మీ బండి పొగ చిక్కగా ఉంది. పెట్రోల్లో ఆయిలెంత పోయిస్తున్నారు?” అనేవాడు.

కంపెనీ చెప్పినదానికి రెట్టింపు పోయించేవాణ్ని. పసివాడికి అన్నంలో నెయ్యి ఎక్కువ వేసినట్లు, బండికి అది బలమని నా నమ్మకం. అంత బలం పట్టినా అది ఒకసారి ఆగితే పద్నాలుగు తన్నులకు గాని కదిలేది కాదు. అందుచేత విరమణ నాటినుంచి, ఉదయం ఆ వీధిలో టీ తాగే అరగంటా దానిని గోడవార, ఇంజను ఆపకుండానే నిలిపేవాణ్ని. ఆ గోడకు ఒక కిటికీ. కిటికీ లోపల ఆడవాళ్లు మిరపకాయలకు తొడిమలు తీసే కొట్టం. ఈ మూడు వాక్యాలకూ సంబంధం ఉన్నదని నాకు తోచలేదు.

ఆ కొట్టంలో పున్నమ్మకు దగ్గు పట్టుకొంది. గుంటూరులో దగ్గుకు కారణం ఎవరూ వెతకరు. మిరపకాయ సిద్ధంగా ఉంటుంది. నెల తిరిగేసరికి మేస్త్రి బుల్లయ్య తేల్చేశాడు.

“నీకు కాయ పడటంలా పున్నమ్మా. సోమవారం నుంచి రావద్దు.”

“ఇరవయ్యేళ్లు పడ్డ కాయ ఇప్పుడెందుకు పడదు? ఈ పని పోతే నేనేం తిని బతకను?”

గొడవ వీధిలోకి వచ్చింది. మాలిక్ స్పానరు కింద పెట్టి, నావైపు చెయ్యి చాచాడు.

“రుమాలివ్వండి మాస్టారూ. రెండు కావాలి.”

“ఒకటే ఉందయ్యా.”

“ఇంకోటి ఇంటికెళ్లి తెండి.”

వెళ్లాను. మా ఆవిడ ఏమన్నదో ఇక్కడ అప్రస్తుతం.

రెండింటినీ తడిపి, ఒకటి కాయల రాశిమీదా మరొకటి కిటికీకీ కట్టాడు. మూడోనాడు విప్పాడు. రాశిమీదిది ఎర్రగా ఉంది. కిటికీది నా చెప్పులకంటె నల్లగా, జిడ్డుగా ఉంది.

“ఎర్రది ఇరవయ్యేళ్లనాటిది బుల్లయ్యన్నా. ఈ నల్లది బండి పొగ, కొత్తగా వచ్చింది. దగ్గు దీనిది.”

“ఎవడి బండిదిరా ఈ మసి? వాసన చూసి చెప్పు. వాడి కాళ్లు విరగ్గొడతా.”

వీధంతా చేరింది. మాలిక్ కళ్లు మూసుకొని పీల్చాడు. ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. నా కాళ్లు రెండూ నాకెంత ఇష్టమో ఆ క్షణంలో తెలిసింది.

“జలుబు చేసిందన్నా. ఏం తెలీటంలా,” అన్నాడు. “ఎవరిదైనా, రేపటినుంచి ఈ కిటికీ దగ్గర బండి ఇంజను ఆడదు. నాదీ పూచీ. పున్నమ్మను రానివ్వు.”

బుల్లయ్య గొణిగి గొణిగి పది రోజులు గడువిచ్చాడు.

మరునాటినుంచి వీధి మలుపులోనే ఇంజను ఆపి, స్కూటరు తోసుకొంటూ వచ్చాను. ఆయిలు కొలిచి పోయించాను. పదోనాటికి కిటికీలోంచి దగ్గు వినిపించలేదు. పున్నమ్మే తొంగి చూసింది.

“ఏం మాస్టారూ, బండి చెడిందా?”

“వ్యాయామం అమ్మా.”

ఆమె ముక్కుకు కారం ఘాటు తగలకుండా ఒక గుడ్డ కట్టుకొని ఉంది. ఉతికి ఉతికి బూడిదరంగు తిరిగిన గుడ్డ, మూలన నీలిపువ్వు. వెనక వరసగా కూర్చున్న ఆడవాళ్ల ముక్కుల మీద కూడా నీలిపువ్వులే. మా ఇంటి తోటంతా అక్కడ పూసి ఉంది.

“మాలిక్ ఉతికి తెచ్చిస్తాడు మాస్టారూ. ఎవరో పెద్దమనుషులు దానం చేశారంట.”

నేను మాలిక్‌వైపు తిరిగాను. అతడు బోర్డుకింద కూర్చొని కార్బురేటరు తుడుస్తున్నాడు.

“జలుబు తగ్గిందా?” అన్నాను.

“తగ్గిందండీ,” అంటూ తల ఎత్తకుండానే చెయ్యి చాచాడు. “రుమాలివ్వండి.”