పక్క చేనువాళ్లను అడగమన్న సారు

మా సారు పోయారని కబురు వచ్చినప్పుడు నేను కోవిల్‌పట్టిలో ఒక ఇంటి మేడ మీద పిట్టగోడ కొలుస్తున్నాను. ఫోను చేసింది సారు భార్య. ఆమెను నేను అత్తా అనే పిలుస్తాను. "పొద్దున కాఫీ తాగినారు, పేపరు చదవతా అట్లే ఒరిగిపోయినారమ్మా" అని మాత్రం అంది. నేను వెంటనే కిందికి దిగలేదు. మిగిలిన రెండు గోడలూ కొలిచి, అంకెలు రాసుకుని, అప్పుడు కూర్చుని ఏడ్చాను. సగంలో వదిలేసి పరిగెత్తి ఉంటే ఆయనకు కోపం వచ్చేది. పోయినవాళ్లకు కోపమేమిటంటారా? మా సారును మీరు ఎరగరు.

ఆస్తులకు విలువ కట్టడం ఆయన వృత్తి. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు అడిగితే, ముందుగా ఒక మనిషి వచ్చి, కొలిచి, పత్రాలు సరిచూసి, ఇది ఇంత చేస్తుందని రాసి సంతకం పెడతాడు చూడండి, ఆ మనిషి ఆయన. తమిళనాడులోని విరుదునగర్‌లో చిన్న ఆఫీసు. ఈ పనిలోకి కొత్తవాళ్లు రావడం లేదని ఆయనకు తీరని దిగులు. కాలేజీలకు వెళ్లి, సివిల్ ఇంజనీరింగు చదివే పిల్లలను పోగుచేసి మాట్లాడేవారు. ఒకసారి ఒకడు లేచి, ఆఫీసులో ఏసీ ఉంటుందా సార్ అని అడిగాడట. "ఉండాదయ్యా, బ్యాంకులో. రిపోర్టు ఇచ్చేదానికి పోయినప్పుడు చల్లగా కూర్చోవచ్చు" అన్నారట. ఆ ఏడు ఒక్కరూ రాలేదు.

నన్ను పట్టుకున్నది కాలేజీలో కాదు. డిప్లొమా చేసి, వేరే దారి లేక, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట జిరాక్సు కొట్టులో పనిచేస్తున్నాను. ఒకరోజు ఆయన కాగితాలు తీస్తూ, దస్తావేజులో సర్వే నంబరు ఒకటి, పట్టాలో ఇంకొకటి ఉందే అన్నాను, తమిళంలోనే. ఆయన కళ్లజోడు సవరించుకుని ఒకసారి కాగితాలను, ఒకసారి నన్ను చూశారు. నా యాస ఎలా పట్టేశారో, తెలుగులోకి దిగారు.

"మీది ఏ ఊరమ్మా?"

"పుదూరు పక్కన సార్."

"ఎండలో నడుస్తావా?"

"చేనిలో పెరిగినదాన్ని సార్."

"పక్కింటివాళ్లతో మాట్లాడతావా?"

"వద్దన్నా మాట్లాడతాను."

"సరి, సోమవారము రా."

అదీ ఇంటర్వ్యూ. మార్కుల ఊసే లేదు.

పక్కింటివాళ్ల సంగతి ఎందుకు అడిగారో తర్వాత తెలిసింది. ఏ ఇల్లు చూడబోయినా ఓనరు ఇచ్చే కాఫీ ఆయన ముట్టరు. పక్కింటికి వెళ్లి నీళ్లు అడిగి తాగుతారు. మా వైపు నీళ్లు ఉప్పో మంచివో తెలిస్తే సగం విలువ తెలిసినట్టే. తాగుతూ తాగుతూ, ఆ గోడ దాకా వాళ్లదేనా అని మామూలుగా అడుగుతారు. కాగితం చెప్పని సంగతులు అక్కడ బయటపడేవి. మాకు చెప్పే పాఠం కూడా పొట్టిదే: "చూసినది రాయి. చూడనిది చూడలేదని రాయి. ఊహించి రాసేదానికి నువ్వేమి కత చెప్తా ఉండావా?"

ఇంత నేర్చుకుని నేను చేసిన ఘనకార్యం వినండి. మొట్టమొదటిసారి ఒంటరిగా నాగలాపురం దగ్గర ఒక నల్లరేగడి చేను చూడటానికి పంపారు. రైతు పెద్దవాడు, బోరు వేసుకోవడానికి అప్పు అడిగాడు. నేను తమిళంలో రెండు మాటలన్నానో లేదో, ఇంట్లోకి తిరిగి తెలుగులో "ఏమే, మన బిడ్డే వచ్చుండాది" అని కేక వేశాడు. అంతే, నేను కరిగిపోయాను. గడప దాటితే తమిళమే మాట్లాడి తిరిగే మాకు, తెలియని ఊళ్లో ఎవరైనా ఇంటి భాషలో పలకరిస్తే ఆ క్షణమే చుట్టాలైపోతారు. సజ్జ సంగటి పెట్టారు. పెదనాయనా అని పిలిచాను. తారు రోడ్డు పక్క చేను చూపించి "ఇదే పాపా" అన్నాడు. ఇంక పక్క చేనువాళ్లను అడగడమా! పెదనాయనను అనుమానించడమా! కొలిచి, ఫోటోలు తీసుకుని వచ్చేశాను.

సారు నా రిపోర్టునూ దస్తావేజునూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"దస్తావేజులో ఉత్తరాన వాగు అని ఉండాది. నీ ఫోటోలో రోడ్డు ఉండాది. వాగు ఎక్కడమ్మా?"

నేను దస్తావేజు మళ్లీ తిరగేశాను. సారు ఆ ఊరికి ఫోను చేసి కనుక్కుంటే, రోడ్డు పక్క చేను ఆ రైతు అన్నగారిదని తేలింది. ఆయనది వెనకాల, వాగు గట్టున. మనవాళ్లని నమ్మినాను సార్ అని ఏడ్చాను. ఈ పని నాకు రాదు, జిరాక్సు కొట్టుకే పోతానన్నాను.

"మనవాళ్లైతే ఏమి, హద్దు అడగరాదా? నేనూ మనవాడినే గదా, నీ రాత నమ్మి పెట్టుంటే నా సంతకానికి విలువ పోయుండును" అన్నారు. గొంతు పెంచలేదు. "రేపు ఇద్దరమూ పోతాము. తప్పు రాసిన చేత్తోనే సరిగ్గా రాసెయ్. ఆనక పోవాలంటే పో."

మర్నాడు రైతు తల ఎత్తలేకపోయాడు. "నా చేనికి తోవ లేదు పాపా. చూస్తే అప్పు ఇయ్యరని భయపడితిని."

సారు ఆయనను ఒక్క మాట అనలేదు. గ్రామ పటం నా చేతిలో పెట్టి, "తోవ లేదా? నువ్వు చూసి చెప్పు" అన్నారు. పక్క చేనిలో కలుపు తీస్తున్న అవ్వ దగ్గరికి వెళ్లి అడిగాను. "బండిదోవ ఉండెనే! తుమ్మచెట్లు మూసేసినాయి" అంది. పటంలోనూ ఉంది. వాగు, దోవ, తుమ్మచెట్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. రోడ్డు పక్క విలువ రాలేదు గాని, బోరుకు సరిపడా అప్పు వచ్చింది. తిరుగు బస్సులో జిరాక్సు కొట్టు మాట నేనూ ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

తర్వాత విలువ కట్టేవాళ్ల పరీక్ష పాసయ్యాను, కోవిల్‌పట్టిలో సొంతంగా పెట్టుకున్నాను. అప్పటినుంచి సారు ఒకటే పోరు, కొత్తవాళ్లను ఒకరిని పెట్టుకుని నేర్పించమని. నేను తప్పించుకుంటూ వచ్చాను. పని ఎక్కువని, చోటు చాలదని చెప్పాను. నిజం వేరే. వాళ్లూ నాలాగే తప్పు చేస్తే పోయేది నా సంతకం. నాకు భయం. చివరిసారి ఫోనులో ఆ మాట అనేశాను కూడా.

"నేను అట్ల భయపడుంటే నువ్వు ఇప్పుడు ఏడ ఉందువు?" అన్నారు. ఉక్రోషంతో ఫోను పెట్టేశాను. అదే ఆఖరి మాట అవుతుందని నాకేం తెలుసు? 

సారు కర్మ జరిగిన పదహారో నాడు అత్త ఆయన డైరీ నా చేతికిచ్చింది. రాబోయే సోమవారం పేజీలో ఆయన ముందుగానే రాసి పెట్టిన ఒక అమ్మాయి పేరు, దాని కింద "కోవిల్‌పట్టికి పంపినాను" అని ఉంది. నన్ను అడగనైనా లేదు! ఏం మొండి మనిషండీ!

సోమవారం ఆ అమ్మాయి సారు చెప్పిన వేళకు వచ్చింది. నేతపని వాళ్ల ఇంటి పిల్ల. వెనక్కి పంపే మాటలు రెండు మూడు సిద్ధం చేసుకున్నాను గాని, అవి పక్కన పెట్టి టేపు తీశాను. ఊరి బయట ఒక ఖాళీ స్థలానికి తీసుకెళ్లాను. టేపు కొస చేతికిస్తే పట్టుకుని కదలకుండా నిలబడింది.

"అక్కా, నేను తప్పు చేసేస్తే?"

"చేస్తావు. మళ్లీ వస్తాము, ఇద్దరమూ."

ఆ పిల్ల నవ్వి, చెప్పులు విడిచి, నిన్నటి వానకు మెత్తబడిన నల్లమట్టిలోకి నడిచింది. నా చేతిలోంచి టేపు జరజరా సాగుతూ ఉంది.