భీమిలి గోడ మీద కనకం పేరు

పాత కట్టడాల మీద పేర్లు గీకేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అలాంటిది మొన్న కెమెరా మెడలో వేసుకుని భీమిలి వెళ్ళింది సరిగ్గా అలాంటి గీతల కోసమే. గీకిన ఘనుడు మా బావ. పెళ్ళయిన కొత్తలో అక్కని భీమిలి తీసుకెళ్ళి, సముద్రం ఒడ్డున డచ్చివాళ్ళ కాలం నాటిదని చెప్పుకునే పాత గోదాము గోడ మీద ఇంటి తాళంచెవితో ‘కనకం’ అని చెక్కాడట. అక్క ఆ రోజంతా తిట్టిందట. అక్క పోయి ఏడాది దాటింది. ఆ గోడ కూల్చేస్తారని ఎవరో అనగానే బావ గోపాలపట్నం నుంచి సీతమ్మధారలోని మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. “పిల్లా, ఆ పేరు ఫొటో తియ్యి. అది కూడా పోతే నాకింకేటుంది?” అన్నాడు. కాదనగలనా?

పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో భీమిలి బస్సు ఎక్కాం. బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళేదే ఎక్కండి, కుడివైపు కూర్చోండి. టికెట్ యాభై లోపే, గంట పైచిలుకు ప్రయాణం. రుషికొండ దాటాక బావ కిటికీ వైపు చూపించి, “అప్పుడు మీ అక్క ఇలాగే కిటికీ కాడ కూకుంది. నాను పక్కన కూకుంటే సిగ్గుపడి దారంతా సముద్రం కేసే సూసింది” అన్నాడు. నేను నీళ్ళ సీసా తీసి తాగాను.

బస్టాండు దగ్గర మాట్లాడుకున్న ఆటో అతను, “ఆ పాడు గోడలకి ఫొటోలేటమ్మా, లైట్‌హౌస్ సూపిత్తాను రండి” అన్నాడు. వినలేదు. తీరా వెళ్తే ఏముంది, గోడ ముఖం తూర్పుకి. పొద్దుటి ఎండ సూటిగా పడి గోడంతా తెల్లగా, చదునుగా కనిపించింది. ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడింది. కిటికీ పక్కనే రాశానని బావ చేత్తో తడుముతూనే ఉన్నాడు. ఒక్క అక్షరమూ లేదు. “పోయింది పిల్లా” అని విరిగిన మెట్టు మీద కూలబడ్డాడు. ఎంత లేపినా లేవడే! నాకు విసుగొచ్చింది, ఆకలీ వేసింది.

ఆ మొండితనమే మంచిదయింది. పదకొండున్నరకి సూర్యుడు నెత్తి మీదకి వచ్చి, వెలుగు గోడని రాసుకుంటూ కిందికి జారింది. ప్రతి గీతకీ సన్నటి నీడ పడింది. ‘కనకం’! బావ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నేను గబగబా ఫొటో తీశాను.

దగ్గర్లో చేపల కూర వండే చిన్న హోటల్లో కూర్చుని ఫొటోని ఫోన్‌లోకి తీసుకున్నాను. రంగు తీసేసి, నీడల్ని ముదురు చేసి, వెలుగుకీ నీడకీ తేడా పెంచాను. పేరు మట్టుకు ఉంచి, కిందనున్న సిమెంటు మరకలు కత్తిరించేద్దామనుకుంటుంటే ఆ మరకల పక్కన చిన్న అక్షరాలు తేలాయి. సింహాచలం. మా బావ పేరు.

“ఇది నాను రాయలేదే!” అన్నాడు బావ.

ఆ అక్షరాల్ని ఇంకా పెద్దవి చేశాను. రెండు సున్నలకీ తోకలున్నాయి. చిన్నప్పుడు నా హోంవర్కు రాసిపెట్టింది అక్కే, ఆ తోకల వల్లే మాస్టారికి దొరికిపోయేదాన్ని. “అక్క రాసింది, బావా.”

“నాను సోడాలకెల్లాను... అప్పుడు రాసుంటాది” అన్నాడు మెల్లగా.

మా అక్క బతికినంతకాలం మొగుడి పేరు నోటితో పలకలేదు. “ఇదిగో”, “మీ బావ”, అంతే. ఆస్పత్రిలో అడిగినా పిల్లల చేత చెప్పించేది.

“కూర సల్లారిపోతంది, తినండి తాతా” అంది వంటావిడ. బావకి వినపడలేదు.

ఫొటోని బాగుచేయడమంటే మరకలు తుడిచేయడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ మరకల్ని ఇప్పుడు ముట్టుకోను. మీరూ కత్తిరించే ముందు ఫొటో మూలమూలలా పెద్దది చేసి చూడండి. తూర్పు ముఖం గోడైతే, ఎవరేమన్నా సరే, మిట్టమధ్యాహ్నం దాకా ఆగండి.

తిరుగు బస్సులో బావ ఆ ఫొటో ఉన్న నా ఫోన్‌ని తిరిగి నా చేతికిచ్చాడు. “నీ గొంతూ దాని గొంతూ ఒకేలాగుంటాది కదా పిల్లా. ఒక్కసారి సదవ్వా?” అని కళ్ళు మూసుకున్నాడు.

“సింహాచలం” అని చదివాను.