పేరు అడిగిన అక్క

నా చిన్నప్పుడు, పిడుగురాళ్ల దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లో ఎవరూ పలకని పేరు ఒకటుండేది. అది మా తమ్ముడి పేరు. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంటలో వాననీళ్లు నిలిస్తే, వాడు అందులో పడి చనిపోయాడు. వాడికి అయిదేళ్లు, నాకు పదేళ్లు.

ఆ సాయంత్రం నేను ఆటలో పడి ఇంటికి పోలేదు. నన్ను వెతుక్కుంటూ వచ్చే దారిలోనే వాడు పడ్డాడు. ఆ తర్వాత అమ్మ నా మొహం చూడటం మానేసింది. జడ కూడా నాయనమ్మే వేసేది. అమ్మకి నా మీద కోపమని నాకు నేనే అనుకున్నాను.

వచ్చినవాళ్లంతా మర్చిపొమ్మని చెప్పేవాళ్లు. అమ్మ తిండి మానేస్తే నాన్న టౌన్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి సోషల్ వర్కర్ ఒకామె వారం వారం మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మేము ఆసుపత్రి అక్క అనేవాళ్లం. మందూ ఇవ్వదు, ధైర్యమూ చెప్పదు. అమ్మ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. ఈమె ఎందుకొస్తుందో నాకు అర్థమయ్యేది కాదు.

మూడోసారి వచ్చినప్పుడు ఉన్నట్టుండి అడిగింది. "మీ బాబు పేరేందక్కా?"

అమ్మ పేరు చెప్పింది. చెప్పి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. మానుతున్న పుండుని గోకుతావేందని నాయనమ్మ ఆమెను కసిరి, ఇంక రావద్దంది. నాకూ ఆమె మీద చానా కోపం వచ్చింది.

మరుసటి వారం ఆమె గేటు దగ్గరే నిలబడి, రమ్మంటారా, పొమ్మంటారా అని అడిగింది. నాయనమ్మ నోరు తెరిచేలోపు అమ్మే లేచి చాప పరిచింది. ఏడిపించిన మనిషికి చాప వేయడమేంటో నాకు అంతుపట్టలేదు.

అమ్మ ఆ రోజు తమ్ముడి గురించి చెబుతూనే ఉంది. చివరికి గొంతు తగ్గించింది.

"వాళ్లక్కను పిలుచుకురమ్మని వాణ్ని పంపింది నేనే. నువ్వే పంపావు గదమ్మా అని ఇది అడుగుద్దేమోనని, దీని మొహం చూళ్లేకపోతున్నా."

తలుపు వెనక నుంచి నేను వింటున్నాను. నీ తప్పేం లేదని ఆసుపత్రి అక్క అంటుందనుకున్నాను. అనలేదు. అమ్మాయి ఎప్పుడైనా అట్టా అడిగిందా అని మాత్రం అడిగింది. లేదంది అమ్మ. అప్పుడు ఆసుపత్రి అక్క నన్ను పిలిచి, చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే ఊరికే కూర్చో అంది.

అమ్మ పక్కన కూర్చుని, నేను ఆడుకుంటా ఉండిపోయానమ్మా అన్నాను. అమ్మ నన్ను దగ్గరకి లాక్కుని మొహం తుడిచింది. ఆ చేతికి మిరప ఘాటు. కళ్లు మండింది అందుకో, ఏడుపుకో ఇప్పటికీ చెప్పలేను.

అంతటితో అన్నీ బాగుపడలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు నా జడ నాయనమ్మే వేసింది. వానాకాలం బడి తెరిచాక ఒకరోజు అమ్మే దువ్వెన పట్టుకుని నన్ను పిలిచింది.

పెద్దయ్యాక నేనూ ఆసుపత్రి అక్క చేసిన పనిలోకే వచ్చాను. ఎదుటి మనిషి ఏడిస్తే మనం మేలు చేసినట్టా, కీడు చేసినట్టా అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో నాకూ తెలియదు. తెలియదు కాబట్టే, మధ్యలో లేచి వచ్చేయను.