కింద పెట్టిన కత్తి

దయ్యం కథ ఎవరు మొదలుపెట్టినా, ఆ రోజు ఏం తిన్నావని అడిగే రకాన్ని నేను. అద్దె ఇంట్లో చప్పుళ్లు వినిపిస్తున్నాయన్నవాళ్లకు ప్లంబర్‌ని పిలవమని సలహా ఇచ్చేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని అనను. చూసింది మాత్రం చెప్తాను.

2009లో మేం అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉండేవాళ్లం. నా పెళ్లికి ముందు రెండేళ్లు సునీత, నేను ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. ఖమ్మం పిల్ల, నాకంటే మూడేళ్లు చిన్న. అక్కా అని పిలిచేది. ఇద్దరికీ ఒకే కన్సల్టెన్సీ, ఒకే క్లయింట్ దగ్గర పని. ఇద్దరి రెజ్యూమెల్లోనూ చేయని ఉద్యోగాల అనుభవం మూడేళ్లు రాసి ఉంది. ఒకే తానులో ముక్కలం. అందులో సిగ్గుపడాలని అప్పట్లో తోచలేదు.

సునీతకు ఒక పట్టింపు ఉండేది. వంటింట్లో కత్తి అడిగితే చేతికిచ్చేది కాదు. కౌంటర్ మీద పెట్టి తీసుకోమనేది. "చేతికియ్యొద్దక్కా, ఇద్దరికీ పడదంట" అనేది. ఆ మాట మా ఇంట్లోనూ ఉంది. అయినా ఆమెను ఏడిపించడానికి కావాలని చేతిలోంచి లాక్కునేదాన్ని.

నా పెళ్లయిన ఆర్నెల్లకు మా మేనేజర్‌కి ఎవరో నా రెజ్యూమె సంగతి చెప్పారు. ఆ మధ్యాహ్నమే బ్యాడ్జ్ తీసుకుని పంపించేశారు. ఆఫీసులో ఆ సంగతి తెలిసింది సునీత ఒక్కదానికే. అడిగితే, తాను చెప్పలేదంది. నేను నమ్మలేదు.

నా కోపం తాటాకు మంట కాదు, నివురుగప్పిన నిప్పు అని మా అమ్మ అనేది. మూడు వారాలు ఇంట్లో కూర్చుని ఒక మెయిల్ రాశాను. సునీత రెజ్యూమెలో ఏది అబద్ధమో వివరంగా, క్లయింట్‌కీ, ఇమిగ్రేషన్ వాళ్లకీ. నాకు ఉద్యోగం పోయినా మా ఆయన వీసా మీద ఉండిపోవచ్చు. ఆమెకు అలా ఎవరి వీసా ఆసరా లేదు. ఆ మెయిల్ వెళ్తే ఆమె పెట్టె సర్దుకోవాల్సిందే. నాకు కావలసిందీ అదే.

శనివారం మధ్యాహ్నం అడ్రస్‌లు కూడా పెట్టేసి, భోజనం కాగానే పంపుదామని లాప్‌టాప్ తెరిచే ఉంచాను.

తింటూ చూద్దామని మా ఆయన లైబ్రరీ నుంచి తెచ్చిన డీవీడీ పెట్టాడు. పాత జపాన్ సినిమా. గురువును చంపినవాళ్లను వెతుక్కుంటూ కత్తి పట్టుకుని తిరిగే ఒక ఆడమనిషి కథ. ఆమె ఒక్కొక్కణ్ణీ నరుకుతుంటే నాకు హాయిగా ఉంది, దాచడం దేనికి.

చివరికి అసలు శత్రువు ఇంటికి వచ్చింది. తలుపు పక్కకు జరిపింది. లోపల ఒక ఆడమనిషి మాకు వీపు పెట్టి చాప మీద కూర్చుని ఉంది. చేతిలో చిన్న కత్తి. దాన్ని లాక్కోవడానికి కథానాయిక చెయ్యి చాపింది. ఆ మనిషి ఇవ్వలేదు. కత్తిని చాప మీద పెట్టి, రెండు వేళ్లతో మెల్లగా ముందుకు జరిపింది.

ఆ మణికట్టు మీద నెలవంకలా కాలిన మచ్చ. సునీతకు పెనం అంచు తగిలింది సరిగ్గా అక్కడే. ఆ రోజు మందు రాసింది నేనే.

తెర కింద ఇంగ్లీషులో మాటలు పడ్డాయి. చేతికివ్వకూడదక్కా, ఇద్దరికీ పడదు. వాటి అర్థం అదే.

సినిమా ఆపేశాను.

"అసలు ఫైట్ ఇప్పుడే కదా, ఆపావేంటి?" అన్నాడు మా ఆయన.

"ఆ కూర్చున్నావిడ ఎవరు?"

"ఆవిడెవరు? గదిలో ఆ ముసలాడు ఒక్కడేగా ఉన్నాడు."

వెనక్కి తిప్పాం. ముసలివాడే. కత్తి దూసి ఆమె మీదికి వస్తాడు, మాటా పలుకూ ఉండదు. మూడుసార్లు చూశాం. తర్వాత ఇంకో కాపీ తెప్పించి మొదటి నుంచి చివరిదాకా ఒక్కదాన్నే చూశాను. అందులోనూ ముసలివాడే. ఆ రోజు నాకు జ్వరం లేదు, మందులేవీ వేసుకోలేదు, ముందు రాత్రి బాగానే నిద్రపోయాను. జపాన్‌లో ఇలాంటి పట్టింపు ఉందో లేదో నాకు తెలియదు.

మెయిల్ తీసేశాను. మంచితనంతో కాదు, భయంతో.

నాలుగేళ్ల తర్వాత ఫ్రిస్కోలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్తే సునీత కనిపించింది. వంటింట్లో పుచ్చకాయ కోస్తోంది. ఇంకెవరూ లేరు. ఏం మాట్లాడాలో తెలియక, కత్తి ఇటివ్వు, నేను కోస్తానన్నాను. ఆమె దాన్ని కౌంటర్ మీద పెట్టి, రెండు వేళ్లతో నా వైపు జరిపింది. అంతకుముందు ఎప్పుడూ అలా జరిపేది కాదు. పెట్టి ఊరుకునేది.

నేను కింద నుంచే తీసుకున్నాను.

"ఏందక్కా, లాక్కోలే?" అని నవ్వింది.

ఆ మధ్యాహ్నం నేను చూసిందేమిటో ఇప్పటికీ చెప్పలేను. మేనేజర్‌కి చెప్పింది సునీతేనా అన్నదీ తెలియదు. ఆ రోజు అడగబోయి ఆగిపోయాను. అడిగితే ఆ మెయిల్ సంగతి నేనూ చెప్పాలి. పుచ్చకాయ మొత్తం నేనే కోశాను. ఆమె పక్కన నిలబడి ముక్కలు ప్లేట్లలో సర్దింది.