చెరువు కింది బావి

మా గణాంకశాస్త్రం సార్ పోయారని మొన్న మంగళవారం నల్లగొండ నుంచి కబురు వచ్చింది. ఏడుపు రాలేదు. ఆయన ఒక అవ్వకిచ్చి తప్పిన మాట గుర్తొచ్చింది. దేవరకొండ దారిలోని ఒక ఊళ్లో, ఊరి నడుమ పాతిన బొడ్రాయి దగ్గరి చేదబావి ముందు నిలబడి, "నీ బాయి నీళ్ల సంగతి నేనే వచ్చి చెప్త అవ్వా" అన్నారు. మళ్లీ ఆ ఊరికి పోలేదు.

సంతాప సభకు వెళ్లాను. "ఆయన జీవితంలో ఒక్క లెక్క తప్పలేదు" అన్నాడు మైకు పట్టుకున్న పెద్దమనిషి. సార్ క్లాసులో కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు మీద బస్సులు చూసిన శిష్యుడతను. నేను చాలా జీవితచరిత్రలు చదివాను. పోయినవాళ్ల మరకలన్నీ కడిగేయడం ఎంత సులువో వాటిలో చూశాను. ఆ పని నాకు చేతకాదు.

నేను ఆయన దగ్గరే చదివి, ఆయన కిందే తాత్కాలిక లెక్చరరుగా చేరాను. ఏ లెక్కైనా మొదలుపెట్టే ముందు సార్ కాగితం మీద ఖాళీ గళ్లు గీసేవారు. ఎన్ని జవాబులు రావాలో అన్ని గళ్లు, ప్రతి గడి పక్కన ఒక పేరు. సగం విరిచిన బ్లేడుతో పెన్సిలు చెక్కుకున్నాకే మొదటి అంకె వేసేవారు. "లెక్క చేసుడు ఎవలకైనా వస్తది. వచ్చినదాన్ని యాడ పెడ్తవో ముందుగాల చూస్కో" అనేవారు. ఆయన భార్యను మేం అమ్మా అని పిలిచేవాళ్లం. ఆమె నవ్వేది: "గీ సారుకు పప్పు ఉడకకముందే పళ్లాలన్ని వరుసగ పెట్టాలె. తినెటోళ్లు వచ్చిండ్రా లేదా, గా ఫికరే లేదు."

తొంభైల మొదట్లో బావుల నీళ్ల సర్వే లెక్కలు మా కాలేజీకి వచ్చాయి. ఎముకలు వంచే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లేవో తేలిస్తే, వాటికి ముందుగా పైపుల్లో మంచినీళ్లు ఇస్తారు. సర్వేకు తిరిగినప్పుడే ఆ అవ్వ కనిపించింది. మనవరాలికి అప్పటికే మోకాళ్లు వంగుతున్నాయి. "గీ నీళ్లు పిల్లకు పొయ్యాల్నా వద్దా, జర చూసి చెప్పు సారూ" అంది. మళ్లీ తనే, "వద్దంటే యాడికెల్లి తేవాల్నో గది గూడ చెప్పు" అంది.

కాలేజీకి కొత్తగా కంప్యూటర్ వచ్చిన రోజులు. గణాంకాల కోసమే తయారైన ఒక భాషను పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఒక్కో ఊరిని తీసుకుని, ఆ ఊరి బావులన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి లెక్కించే లూపు, అంటే ఒకే లెక్కను చుట్లు చుట్లుగా చేసే ప్రోగ్రామ్, రాశాను. సార్ నెలల పని అనుకున్నది మధ్యాహ్నం టీకి ముందే అయిపోయింది. పట్టికలో ఒక్కో ఊరికి ఒక్కో అంకె, అన్నీ వేర్వేరుగా, నమ్మేటట్టుగా ఉన్నాయి. నివేదిక హైదరాబాదుకు పోయింది.

కొన్నాళ్లకు సార్ తన గళ్ల నోటుబుక్కు పట్టుకొచ్చారు. అలవాటు మానుకోలేక కొన్ని ఊళ్లు చేత్తో చేసి చూశారట.

"అవ్వోళ్ల ఊరికి నీ మిషన్ ఏం చెప్తాంది?"

"నీళ్లు మంచిగున్నయంటాంది సార్."

"పొయ్యి ఆ పిల్ల మోకాళ్లకు చెప్పిరా."

నా ప్రోగ్రామ్ మొదటినుంచీ చదివారు. ఒక పంక్తి మీద ఆయన వేలు ఆగింది. "ప్రతి బాయి జవాబు ఒక్క పేరు మీదనే పెడ్తున్నవ్. కొత్తది వస్తే పాతది పోతాంది. ఊరూరికి నీకాడ మిగిలింది ఆఖరి బాయి ఒక్కటే."

మా సర్వే మనుషులు బావుల జాబితాను బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి చెరువు కింది పొలంలో ముగించేవాళ్లు. నడిచే దారి అదే గనుక అందరూ అట్లాగే రాశారు. చెరువు ఊట దిగే బావిలో నీళ్లు ఏ ఊళ్లోనైనా కాస్త నయంగా ఉంటాయి. వాటిని వరి తాగుతుంది. మనుషులు తాగే బావి జాబితాలో మొదట ఉంటుంది. నా లూపు దాన్ని లెక్కించి మరుక్షణమే పారేసింది.

దిద్దడానికి అరగంట పట్టలేదు. లూపుకు ముందే ఎన్ని బావులో అన్ని ఖాళీ జాగాలు పెట్టాను. ఒక్కో చుట్టులో వచ్చిన జవాబు తన జాగాలో కూర్చుంది. బావులన్నీ లెక్కలోకి వచ్చిన కొత్త పట్టికలో అవ్వ ఊరు ఫ్లోరైడ్ ఎక్కువున్న పై వరుసల్లోకి వచ్చింది.

ఇద్దరం దాన్ని పట్టుకుని హైదరాబాదు బస్సెక్కాం. అక్కడి అధికారి కాగితం తిప్పి కూడా చూడలేదు. "ఊళ్ల పేర్లు ఖరారైనయి. తప్పయిందని రాసియ్యండి, ఎవరు చేసిండ్రో పేరు గూడ రాయండి. అప్పుడు చూద్దాం" అన్నాడు. సార్ నావైపు చూశారు. నాది ఏటేటా పొడిగించే ఉద్యోగం, పెళ్లయి మూడు నెలలు. "ఆలోచించి రాస్తం" అని ఆయన పట్టికను మడిచి సంచిలో పెట్టుకున్నారు.

తిరుగు బస్సులో, "నా పేరే రాయుండ్రి సార్" అన్నాను. గట్టిగా అనలేదు.

"ఊకోవయ్యా. ముందు నీ నౌకరి పక్కా గానీ. ఆ ఊరు యాడికి పోతది?"

ఊరు ఎక్కడికీ పోలేదు. నా నౌకరి పక్కా అయింది, తప్పయిందన్న కాగితం మాత్రం సార్ రాయనేలేదు. ఇన్నేళ్లు తిన్న అన్నం ఆయన పెట్టిందే, కాదనను. నా పిరికితనాన్ని ఎవరి నెత్తినా రుద్దను. ఆ అధికారిని తిట్టడం దండగ, అతను ఆ ఊరిని చూడనే లేదు.

రెండేళ్ల తర్వాత ఒక్కణ్నే ఆ ఊరికి పోయాను. అవ్వ నీళ్లు చేదుతోంది. మనవరాలు లేవలేక బావి పక్క అరుగు మీద కూర్చునే జరుగుతోంది.

"పెద్దసారు రాలే?"

"రాలేదవ్వా."

"పెద్దోళ్లకు పనులుంటయి తియ్యి." ఆయన్నే వెనకేసుకొచ్చింది.

ఆ నీళ్లు పిల్లకు పొయ్యొద్దని చెప్పాను. అవ్వ తాడు లాగడం ఆపలేదు. "గా సంగతి మాకెర్కనే బిడ్డా. మీకు ఎర్కయితే ఏమన్న జేస్తరనుకున్న."

చేద పైకి వచ్చింది. పిల్ల రెండు చేతులూ దోసిలి పట్టింది. అవ్వ వంగి పోస్తుంటే గటగటా తాగింది, మోచేతుల మీదుగా నీళ్లు కారుతుంటే. అట్లా తాగకుండా ఆపగలిగిన కాగితం ఒక్కటే ఉండేది. దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి పోయినవారు మా సార్. నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఆయన్నే.